ఏట్లో వేసినా ఎంచి వేయాలి

తమ్ముళ్లూ, నాతోపాటు ఈ హాస్టళ్ల అన్నం తిని పెద్దయిన మిత్రులారా!

వార్షికోత్సవ సంచిక అనగానే మనకు అలవాటైన వ్యాసాలు కొన్ని ఉన్నాయి. క్రమశిక్షణ, సమయపాలన, పదో తరగతి పరీక్షలకు ఎలా తయారవ్వాలి, తల్లిదండ్రుల ఋణం. అన్నీ అవసరమైనవే. నాకన్నా బాగా రాసేవాళ్లు ఈ సంచికలోనే ఉంటారు. నేను మాత్రం ఈసారి డబ్బు గురించి రాస్తాను. మన పేరు మీద ప్రభుత్వం పుస్తకాల్లో రాసుకునే డబ్బు గురించి.

ఏట్లో వేసినా ఎంచి వేయాలి అని సామెత. కుందూ పక్కన పుట్టినవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. బుడ్డశనగలు అమ్మేరోజు మన నాయనలు కాటా మీదినుంచి కన్ను తిప్పరు. సంచి తరుగు ఎంత తీశాడు, చెమ్మ పేరు చెప్పి ఎంత కోశాడు అని కిలో కిలోకూ తగాదా పడతారు. అదే మనిషి, తన ఊరికి ఇన్ని లక్షలు మంజూరయ్యాయని పేపర్లో పడితే చదివి మడిచి పెడతాడు. ఎందుకు? కాటా తన ముందు ఉంది, బడ్జెట్టు ఎక్కడో ఉంది అనుకుంటాడు. ఒకప్పుడు అది నిజం. ఇప్పుడు కాదు. సర్కారు లెక్కలు చాలావరకు బయట పెట్టి ఉన్నాయి. వాటిని చదివేవాళ్లే తక్కువ. చదవాల్సినవాళ్లలో ముందువరుసలో ఉండాల్సింది హాస్టల్ పిల్లలేనని నా అభిప్రాయం. లెక్కకు రెండు సగాలు ఉంటాయి. ఎంత ఇచ్చారన్నది మొదటి సగం, అది కాగితం మీద ఉంటుంది. పళ్లెంలో ఏం పడిందన్నది రెండో సగం. అది మీకు తప్ప హైదరాబాదులో గానీ అమరావతిలో గానీ ఎవరికీ తెలియదు.

మనం ఏటా ఏప్రిల్ 14న, డిసెంబర్ 6న బాబాసాహెబ్ పటానికి దండ వేస్తాం. ఆయన రాజ్యాంగం రాశాడని ఉపన్యాసాలు చెబుతాం. ఆయన డాక్టరేట్ దేని మీద చేశాడో ఎంతమందికి తెలుసు? బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ ఎలా ఏర్పడింది అన్న విషయం మీద. 1833 నుంచి 1921 వరకు కేంద్రానికీ రాష్ట్రాలకూ మధ్య డబ్బు ఎలా పంచుకున్నారో సర్కారు పత్రాల్లోంచే తవ్వి తీసి రాశాడు. కొలంబియా విశ్వవిద్యాలయానికి సమర్పించిన ఆ పరిశోధన 1925లో లండన్‌లో పుస్తకంగా వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే రూపాయి సమస్య మీద మరో గ్రంథం వచ్చింది. అంటే మన పటంలోని కోటు మనిషి మొదట లెక్కల పుస్తకాలు చదివిన మనిషి. ఆయనకన్నా ముందు దాదాభాయి నౌరోజీ కూడా ఈ పనే చేశాడు. తెల్లవాళ్లు అచ్చేసిన అంకెలనే తీసుకొని, భారతీయుడి సగటు ఆదాయం ఏడాదికి 20 రూపాయలని 1870లలో తేల్చాడు. జైల్లో ఖైదీ తిండికీ బట్టకూ సర్కారు పెట్టే ఖర్చుతో దాన్ని పోల్చి, ఖైదీ బతుకుకు సరిపడేంత కూడా బయటివాడికి దక్కడం లేదని చూపించాడు. వాళ్ల అంకెలతోనే వాళ్లను నిలదీయడం అంటే అది.

ఇంకా వెనక్కి పోతే మన ఇంటి పక్కనే ఒక సాక్ష్యం ఉంది. ఎర్రగుంట్ల మండలం కలమళ్లలో చెన్నకేశవస్వామి గుడి ఆవరణలో దొరికిన రేనాటి చోళుల శాసనం క్రీస్తుశకం 575 ప్రాంతానిది. తెలుగులో దొరికిన శాసనాల్లో అదే తొలిదని పండితులు చెబుతారు. రాజుల కాలం శాసనాలు ఎక్కువభాగం ఏమిటి? ఎవరికి ఎంత భూమి ఇచ్చారు, హద్దులేవి, ఎవరు ఇచ్చారు. దానాన్ని చెరిపినవాడికి ఏ పాపం తగులుతుందో కూడా చివర చెక్కించేవాళ్లు. ఒక విధంగా అది బహిరంగంగా పెట్టిన ఖర్చు లెక్కే. కానీ ఆ గుడి ఆవరణలోకి మన ముత్తాతలను రానిచ్చారా? రానిచ్చినా అక్షరం నేర్పారా? లెక్కను రాతి మీద చెక్కి నడి ఊళ్లో నిలబెట్టినా, చదవలేనివాడికి అది ఉత్త బండ. కంప్యూటర్లో పెట్టిన లెక్కలకూ ఈ మాట వర్తిస్తుంది. బయట పెట్టడం వేరు, చదవగలగడం వేరు.

ఈ తేడా బాగా తెలిసేది ఉపాధి హామీ పథకం చరిత్ర చూస్తే. పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మన పొరుగు జిల్లా అనంతపురంలోనే. నార్పల మండలం బండ్లపల్లిలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించాడు. మొదటి విడతలో ఎంపికైన జిల్లాల్లో మన కడప కూడా ఉంది. దేశంలో చాలా రాష్ట్రాలు మస్టర్లను ఇంకా బీరువాల్లో దాచుకుంటున్న రోజుల్లో మన రాష్ట్రం ఒక పని చేసింది. పని అంచనా దగ్గర్నుంచి కూలి చెల్లింపు దాకా కంప్యూటర్లో ఎక్కించి, జిల్లా నొక్కితే మండలం, మండలం నొక్కితే ఊరు, ఊరు నొక్కితే కూలీ పేరు, చేసిన రోజులు, పడిన డబ్బు కనబడేటట్టు వెబ్‌సైటు పెట్టింది. పని చేయించేవాడి చేతిలోంచి నోట్లు పంచే పద్ధతి తీసేసి పోస్టాఫీసు ఖాతాల్లో వేయడం మొదలుపెట్టింది. దొంగతనం సగం అక్కడే ఆగాలి కదా?

ఆగలేదు. 2006లో కొత్తకోట్లో, కొండాపురంలో, ముద్దనూరులో కూలికి పోయే అవ్వ వెబ్‌సైటు తెరిచి చూస్తుందా? చూడదు. అందుకే సామాజిక తనిఖీ వచ్చింది. ఇది చట్టంలోని 17వ సెక్షన్‌లోనే ఉంది. గ్రామసభ తన ఊళ్లో జరిగిన పనులను తనే తనిఖీ చేయాలని. కాగితం మీద ఉన్న ఆ మాటను ఆచరణలోకి తెచ్చిన తీరు మెచ్చుకోదగ్గది. రాజస్థాన్‌లో అరుణా రాయ్ వాళ్ల మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన 1994 నుంచి ఊళ్లలో బహిరంగ విచారణలు పెట్టి, పంచాయతీ బిల్లులు జనం ముందు గట్టిగా చదివేది. మా డబ్బు, మా లెక్క అన్నది వాళ్ల నినాదం. ఆ పోరాటాల్లోంచే సమాచార హక్కు చట్టం పుట్టి 2005 అక్టోబర్ 12 నుంచి అమలయ్యింది. వాళ్ల పద్ధతిని మన రాష్ట్ర ప్రభుత్వమే తీసుకొని, 2009లో దానికోసం ప్రత్యేకంగా ఒక సొసైటీ ఏర్పాటు చేసింది. ప్రభుత్వం తన ఖర్చును తానే జనం చేత తనిఖీ చేయించుకోవడం దేశంలో అంత పెద్ద ఎత్తున జరగడం అదే మొదలు.

తనిఖీ చేసేవాళ్లు ఎవరు? ఆడిటర్ చదువులు చదివినవాళ్లు కాదు. కూలీల కుటుంబాల్లోంచి వచ్చిన, పదో ఇంటరో చదివిన పిల్లలు. మనలాంటివాళ్లు. వాళ్లకు నాలుగు రోజులు శిక్షణ ఇచ్చి, సొంత ఊరికి కాకుండా వేరే ఊరికి పంపేవాళ్లు. వాళ్లు మస్టరు నకలు, కొలతల పుస్తకం నకలు చేత పట్టుకొని ఇల్లిల్లూ తిరిగి, అమ్మా నీ పేరు మీద పన్నెండు రోజులు రాసుంది, ఎన్ని రోజులు పోయినావు, ఎంత చేతికొచ్చింది అని అడిగి రాసుకునేవాళ్లు. గుంత తవ్వినట్టు రాసుంటే టేపు పట్టుకొని పోయి కొలిచేవాళ్లు. తర్వాత గ్రామసభలో చదివేవాళ్లు. చివరికి మండల కేంద్రంలో ప్రజా వేదిక, అధికారులందరి ముందు. చనిపోయినవాళ్లు మట్టి మోసినట్టు, ఊరు విడిచి వలసపోయినవాళ్లు ఇక్కడే పని చేసినట్టు మస్టర్లలో ఉండటం ఇట్లాంటి తనిఖీల్లో పదేపదే బయటపడింది. చదువురాని మనిషికి తన పేరు చదివి వినిపించగానే వెబ్‌సైటు అప్పుడు తెరుచుకుంది.

దీనివల్ల లాభం జరిగిందా అని పరిశీలించిన అధ్యయనాల్లో ఒకటి మన జిల్లాలోనే జరిగింది. యామినీ అయ్యర్, సలీమా సంజీ అనే ఇద్దరు కడప, ఖమ్మం, మెదక్ జిల్లాల్లో కూలీలను తనిఖీకి ముందూ తర్వాతా అడిగి చూశారు. పథకం గురించి, తమ హక్కుల గురించి కూలీలకు ఉన్న ఎరుక తనిఖీ తర్వాత బాగా పెరిగిందని 2009లో రాశారు. అది సంతోషం. అయితే ఇంకో అధ్యయనం కూడా ఉంది, దాన్ని దాచితే నేను చెప్పేది సగం లెక్క అవుతుంది. ఫర్జానా అఫ్రిదీ, వెగార్డ్ ఇవర్సెన్ అనే ఆర్థికవేత్తలు 2006 నుంచి 2010 వరకు మన రాష్ట్రంలోని ఎనిమిది జిల్లాల తనిఖీ నివేదికలు తిరగేశారు. కూలి డబ్బుల్లో మోసం కొంత తగ్గే సూచన కనబడింది. దాని బదులు సామాను బిల్లుల్లో అక్రమాలు పెరిగాయి. సిమెంటు, కంకర, రవాణా. కూలీకి తన కూలి తెలుసు, కంకర లోడు రేటు తెలియదు. పైగా పట్టుబడిన డబ్బులో చాలాభాగం వెనక్కి రాలేదు, శిక్ష పడినవాళ్లు బహు తక్కువ.

ఈ ఫలితం చూసి కొందరు మిత్రులు, ఇంకెందుకు ఈ తనిఖీలు అంటారు. నేను అట్లా అనను. దొంగ మనం చూసే చోటునుంచి చూడని చోటికి జరిగాడంటే, చూపుకు భయపడ్డాడనే కదా అర్థం. చూపును అక్కడికి కూడా జరపాలి. ఉపాధి హామీ చట్టం స్థానంలో 2025 డిసెంబర్లో 125 రోజుల పనితో వేరే చట్టం వచ్చింది. చట్టం పేరు మారినా, ఇరవై ఏళ్లలో ఊళ్లు నేర్చుకున్న ఈ పాఠం పోకూడదు.

బడి డబ్బు విషయంలో ఉగాండా దేశం కథ ఒకటి ప్రపంచమంతా చెప్పుకుంటుంది. 1991-95 మధ్య ఆ ప్రభుత్వం ప్రాథమిక పాఠశాలలకు ఇచ్చిన గ్రాంటులో సగటున 13 శాతమే బడికి చేరిందని సర్వేలో తేలింది. తర్వాత ఏ జిల్లాకు ఎంత విడుదల చేసిందీ పత్రికల్లో ప్రకటించడం, బడి గోడమీద అంటించడం మొదలుపెట్టారు. 2001 నాటికి దాదాపు 80 శాతం చేరింది. అంతా పేపరు ప్రకటన మహిమే అనడం అతిశయోక్తి, అదే సమయంలో వేరే సంస్కరణలూ జరిగాయని తర్వాతి పరిశోధకులు గుర్తుచేశారు. అయినా గోడమీది కాగితానికి ఎంతో కొంత బలం ఉందని ఒప్పుకోక తప్పదు.

ఇక మన సంగతికి వద్దాం.

సాంఘిక సంక్షేమ హాస్టల్‌కు వచ్చే ప్రతి రూపాయికీ బడ్జెట్ పుస్తకంలో ఒక చిరునామా ఉంది. 2225 అనే పెద్ద పద్దు ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ సంక్షేమానిది. దాని కింద 01 అంటే షెడ్యూల్డు కులాలు, 277 అంటే విద్య. ఇంకో అంకె గుర్తుపెట్టుకోండి, 789. ఏ శాఖ పద్దులోనైనా సరే, 789 కనబడితే అది షెడ్యూల్డు కులాల కోసం ప్రత్యేకంగా కేటాయించిన భాగం. 796 అయితే గిరిజనులది. రైల్లో మన సీటు నంబరు ఎట్లాంటిదో ఇది అట్లాంటిది. ఎవరో వచ్చి కూర్చున్నారా లేదా చూసుకోవాలంటే ముందు నంబరు తెలియాలి.

ఈ నంబరు ఊరికే రాలేదు. జనాభాలో దళితుల వాటా ఎంతో ప్రణాళిక డబ్బులో వాటా అంత ఉండాలన్న ఆలోచన 1979-80 ప్రాంతంలో స్పెషల్ కాంపొనెంట్ ప్లాన్ పేరుతో వచ్చింది. దాని వెనక గట్టిగా నిలబడ్డ అధికారి ఎస్.ఆర్. శంకరన్, మన హాస్టళ్లలో ఆయన పేరు తెలియనివాళ్లు ఉండకూడదు. కానీ ముప్పై ఏళ్లు ఆ డబ్బు కాగితం మీద కేటాయించడం, తర్వాత వేరే పనులకు మళ్లించడం జరిగింది. ఢిల్లీలో 2010 కామన్వెల్త్ క్రీడలకు ఎస్సీల నిధులు వందల కోట్లు వాడుకున్నారని సమాచార హక్కు దరఖాస్తుల ద్వారానే బయటపడింది. స్టేడియంలో పరుగుపందెం మన స్కాలర్‌షిప్ డబ్బుతో అన్నమాట. మన రాష్ట్రంలో దళిత సంఘాలు, మాజీ ప్రధాన కార్యదర్శి కాకి మాధవరావు వంటివారు ఏళ్లతరబడి బడ్జెట్ పుస్తకాలు ముందు పెట్టుకొని, కేటాయింపు ఎంత, ఖర్చు ఎంత అని వరుసగా చూపించారు. ఆ ఒత్తిడి ఫలితంగానే 2013లో ఉప ప్రణాళిక చట్టం వచ్చింది. పదేళ్ల గడువుతో వచ్చిన ఆ చట్టాన్ని 2023 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో ఆర్డినెన్సు ద్వారా మరో పదేళ్లు పొడిగించారు. నినాదాలూ ధర్నాలూ జరిగాయి, నిజమే. వాటి చేతిలో ఆయుధం మాత్రం బడ్జెట్ పుస్తకంలోని రెండు కాలాల మధ్య తేడా.

ఆ కాలాలు చదవడం పెళ్లి ఖర్చు లెక్క అంత సులభం. లగ్నం పెట్టుకున్నరోజు ఇంత అవుతుందని వేసుకునేది బడ్జెట్ అంచనా. పెళ్లి నడుమ, చేతిలో డబ్బు చూసుకొని మార్చుకునేది సవరించిన అంచనా. చుట్టాలు పోయాక తేలేది వాస్తవ ఖర్చు. పేపర్లో పెద్దక్షరాలతో వచ్చేది ఎప్పుడూ లగ్నం నాటి లెక్కే. వాస్తవ ఖర్చు రెండేళ్ల తర్వాతి బడ్జెట్ పుస్తకంలో, ఎవరూ చూడని మొదటి కాలంలో పడుతుంది. 2023-24లో నిజంగా ఎంత ఖర్చు చేశారో 2025-26 పుస్తకంలో చూడాలి. ఇంకో మాయ కూడా ఉంది. రాష్ట్రంలో అందరికీ ఇచ్చే పథకంలో ఎస్సీ లబ్ధిదారుల వాటాను విడదీసి 789 కింద చూపించడం. చట్టం ఎస్సీలకు నేరుగా, లెక్కించదగినట్టుగా మేలు జరగాలంటుంది. అందరితోపాటు మనకూ వచ్చేదాన్ని మనకోసమే ఇచ్చినట్టు రాసుకుంటే, మన హాస్టల్ గోడకు సున్నం ఎక్కడినుంచి వస్తుంది? ఏ పార్టీ పాలించినా ఈ విమర్శ ఉంటూనే ఉంది.

ఇప్పుడు పళ్లెం దగ్గరికి. 5 నుంచి 10వ తరగతి విద్యార్థికి డైట్ చార్జీ 2018లో నెలకు 1,250 రూపాయలు చేశారు. 2023లో 1,400 చేశారు. పెంచారని సంతోషించాం, ఫ్లెక్సీలు కూడా కట్టాం. 150ని 30తో భాగించండి. రోజుకు 5 రూపాయలు. ఐదేళ్లలో కందిపప్పు, నూనె, గ్యాసు ఎంత పెరిగాయో మీ అమ్మను అడగండి. 1,400ను 30తో భాగిస్తే 46 రూపాయల 66 పైసలు. ఎదిగే పిల్లవాడి ఒకరోజు తిండి అది. ప్రొద్దుటూరు బస్టాండులో ఆ డబ్బుతో ఏం తినగలమో మనందరికీ తెలుసు. జీవో చదవకుండా, భాగహారం చేయకుండా చారు నీళ్లగా ఉందని గొణిగితే అది మన గొణుగుడు మాత్రమే. భాగించి చూపిస్తే అది ప్రభుత్వం జవాబు చెప్పాల్సిన ప్రశ్న.

మరో లెక్క. ఊహకు ఒక హాస్టల్ అనుకోండి, కాగితం మీది హాస్టల్. అందులో వందమంది ఉన్నట్టు రాశారు, ఉన్నది తొంభైమంది. లేని పదిమంది పేరుమీద నెలకు 14,000 లేస్తుంది. అదే 14,000ను ఉన్న తొంభైమంది మీద ఖర్చుపెడితే తలకు నెలకు 155 రూపాయలు. ఐదేళ్లకు ఒకసారి వచ్చిన పెంపు కన్నా అది ఎక్కువ. ఇంటికి పోయిన స్నేహితుడికి హాజరు పలికేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. హాజరు పట్టీని సరిగ్గా చూడటం మొదలుపెడితే కంకర కథే ఇక్కడా జరుగుతుందని మర్చిపోవద్దు. మోసం తలల లెక్కలోంచి తూకంలోకి జరుగుతుంది. అందుకే స్టోర్ రూం దగ్గర సరుకు దించేరోజు మెస్ కమిటీ పిల్లలు కాటా పక్కన నిలబడాలి. ఆ కన్ను మనకు ఇంటినుంచే వచ్చింది కదా.

వార్డెన్ల పట్ల న్యాయంగా ఒక మాట. ఎక్కడ ఏ తప్పు జరిగినా వార్డెన్ తిన్నాడు అనడం మనకు సులువు, ఎదురుగా ఉండేది ఆయనే కాబట్టి. తిన్నవాళ్లు ఉన్నారు. కానీ బిల్లు పెట్టిన నెలకు కాక నాలుగో నెలకు డబ్బు పడితే వార్డెన్ ఏం చేయాలి? కిరాణా అంగడిలో అప్పు పెడతాడు. అప్పుకు ఇచ్చే అంగడివాడు మంచి పప్పు ఇవ్వడు, రేటూ తగ్గించడు. నష్టం పళ్లెంలో కనబడుతుంది, కారణం ఖజానాలో ఉంటుంది. అందుకని ఎంత డబ్బు అని మాత్రమే అడిగితే చాలదు. బిల్లు పెట్టిన తేదీ, మంజూరైన తేదీ, ఖాతాలో పడిన తేదీ, ఈ మూడూ అడగాలి. 2018 నుంచి రాష్ట్రంలో ఖజానా బిల్లులన్నీ సీఎఫ్ఎంఎస్ అనే కంప్యూటర్ పద్ధతిలోకి వచ్చాయి కాబట్టి తేదీలు దొరకవని ఎవరూ అనలేరు. మూడు తేదీలు పక్కపక్కన రాస్తే తప్పు ఎవరిదో అరవకుండానే తెలిసిపోతుంది. నిజాయితీ గల వార్డెన్‌కు ఈ లెక్క రక్ష.

చదువుకునే పిల్లలకు ఈ గొడవలెందుకని పెద్దలు కొందరు అంటారు. ఆ మాటను తీసిపారేయను. పదో తరగతి పిల్లవాడు వార్డెన్‌కు ఎదురు నిలబడి ప్రశ్న వేస్తే, ఏ అర్ధరాత్రో ట్రంకు పెట్టె బయట పడుతుందేమోనన్న భయం ఆ తల్లిదండ్రులది. అందుకే దరఖాస్తు పెట్టాల్సింది పిల్లలు కాదు, పూర్వ విద్యార్థులం. ఉద్యోగాలు వచ్చాయి, బళ్లు కొన్నాం, ఏడాదికొకసారి వచ్చి పుస్తకాలు పంచి ఫోటో దిగుతున్నాం. ఆ ఫోటోకన్నా ఒక సమాచార హక్కు దరఖాస్తు ఎక్కువ పని చేస్తుంది. పిల్లల వంతు భాగహారం, కాటా దగ్గర కాపలా. దీన్ని లెక్కల సారు ప్రాజెక్టు పనిగా ఇచ్చినా తప్పులేదు. శాతాల పాఠానికి సబ్బుల వ్యాపారి లాభనష్టాలు తప్ప వేరే ఉదాహరణే లేదా?

ఇంకో అభ్యంతరం నాదే. లెక్క బయట పెట్టడమంటే పిల్లల పేర్లు, కులం, ఆధార్ నంబర్లు గోడమీద అంటించడం కాదు. ఎంతమంది, ఎన్ని రోజులు, ఎంత సరుకు, ఎంత డబ్బు, ఇవి చాలు. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా చట్టం సమాచార హక్కు చట్టంలోని 8వ సెక్షన్‌లో ఒక నిబంధనను మార్చింది. దాన్ని సాకుగా చూపి మొత్తం లెక్కే ఇవ్వమంటారేమోనన్న భయం చాలామందికి ఉంది. పేర్లు అడగకుండా మొత్తాలు అడిగితే ఆ సాకు చెల్లదు. బయట పెట్టిన లెక్క ఎప్పటికీ బయటే ఉంటుందన్న ధీమా కూడా వద్దు. మన రాష్ట్రంలో జీవోలను వెబ్‌సైటులో పెట్టడం 2021 ఆగస్టులో ఆపేశారు, మళ్లీ మొదలైంది 2024 ఆగస్టులో. ఆ మూడేళ్లు మనలో ఎంతమంది అడిగాం? ఎవరూ తొంగిచూడని కిటికీని మూసేయడానికి ఎవరికీ భయం ఉండదు.

అందుకని సంపాదకవర్గానికి నా విన్నపం. వచ్చే ఏడాది సంచికలో కవితలకూ, జోకులకూ, ఫోటోలకూ ఇచ్చినట్టే ఒక పేజీ హాస్టల్ లెక్కకు ఇవ్వండి. మంజూరైన సీట్లు, నెలనెలా ఉన్న పిల్లలు, వచ్చిన డైట్ డబ్బు, ఆ మూడు తేదీలు, కాస్మెటిక్ చార్జీలు ఎప్పుడు అందాయి, దుప్పట్లూ నోటుపుస్తకాలూ ఏ నెలలో వచ్చాయి, కుక్, కామాటి, వాచ్‌మన్ పోస్టుల్లో ఎన్ని ఖాళీ. రాష్ట్ర బడ్జెట్‌లో మన పద్దు కేటాయింపు, వాస్తవ ఖర్చు రెండు వరుసల్లో. ఆరోపణ ఒక్కటి కూడా రాయొద్దు, అంకెలు రాయండి. ఐదేళ్లు వరుసగా అచ్చయితే ఆ ఐదు పేజీలూ పట్టుకొని ఎక్కడికైనా పోవచ్చు.

సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం ప్రతి కార్యాలయం తనకు వచ్చిన బడ్జెట్, పెట్టిన ఖర్చు ఎవరూ అడగకముందే ప్రకటించాలి. ప్రకటించకపోతే దరఖాస్తు పెట్టాలి. మన రాష్ట్ర నియమాల ప్రకారం గ్రామస్థాయి కార్యాలయంలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. తెల్ల కార్డు ఉన్నవాళ్లకు అదీ లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, ఇవ్వకపోతే అదే కార్యాలయంలో పై అధికారికి అప్పీలు. దరఖాస్తు నమూనా ఒకటి తెలుగులో రాసి ఈ వ్యాసంతోపాటే సంపాదకవర్గం తమ్ముళ్ల చేతికి ఇచ్చాను. మొదటి దరఖాస్తు జిల్లా కార్యాలయానికి జూన్‌లో, హాస్టళ్లు తెరవగానే, నా పేరుమీదే పెడతాను. జవాబులో వచ్చే కాగితాలకు పేజీకి రెండు రూపాయలు కట్టాలి. ఆ ఖర్చు, లెక్క పేజీ అచ్చు ఖర్చు మా బ్యాచ్‌వాళ్లం పెట్టుకుంటాం.